ఘన లోహంలో పరమాణువుల నడక: అధిక ఉష్ణోగ్రతల సిమ్యులేషన్‌ను ఎలా చదవాలి

రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంతకు కొద్ది డిగ్రీల దిగువన ఉంచిన రాగి కడ్డీ ధగధగ మండుతున్నా ఇంకా ఘనపదార్థమే. ఎక్స్-కిరణాలతో పరీక్షిస్తే పరమాణువులు స్ఫటిక జాలకంలో వరుస తప్పకుండానే కనిపిస్తాయి. అయినా ఆ వరుసల్లో ఏ పరమాణువూ తన చోట స్థిరంగా ఉండదు. ఆ ఉష్ణోగ్రతలో రాగి స్వీయ వ్యాపన గుణకం, అంటే తన సొంత జాలకంలో పరమాణువులు ఎంత వేగంగా చెదిరిపోతాయో చెప్పే కొలత, సెకనుకు సుమారు 5×10⁻¹³ చదరపు మీటర్లు. అంటే ఒక రోజు గడిచేసరికి ఒక్కో పరమాణువు తాను బయలుదేరిన చోటి నుంచి సగటున అర మిల్లీమీటరు జరిగి ఉంటుంది. పరమాణువుల మధ్య ఉండే దూరంతో కొలిస్తే అది దాదాపు ఇరవై లక్షల అంగల దూరం. జెట్ ఇంజన్‌లోని టర్బైన్ రెక్క సాగిపోకుండా ఎన్ని గంటలు పనిచేస్తుందో, గట్టిపరచే ప్రక్రియలో ఉక్కు పైపొరలోకి కార్బన్ ఎంత లోతుకు దిగుతుందో చాలావరకు నిర్ణయించేది ఈ కదలికే.

ఈ కదలికను కొలవడం కొత్త విద్య కాదు. 1896లోనే బ్రిటన్‌కు చెందిన రాబర్ట్స్-ఆస్టిన్ ఘన సీసంలోకి బంగారం ఎంత వేగంగా చొచ్చుకుపోతుందో కొలిచి చూపాడు. తరువాత రేడియోధార్మిక ఐసోటోపులు వచ్చి కొలతలకు మరింత కచ్చితత్వం తెచ్చాయి. అయితే కొలత ఎంత కచ్చితమైనదైనా అది కోటానుకోట్ల పరమాణువుల సగటును మాత్రమే ఇస్తుంది, ఒక్క పరమాణువు ఏ దారిన వెళ్లిందో చెప్పదు. ఆ దారి గురించిన మొదటి బలమైన ఆధారం 1947లో స్మిగెల్స్కాస్, కిర్కెండాల్ చేసిన ప్రయోగంలో లభించింది. ఇత్తడి దిమ్మెకు మాలిబ్డినం తీగలు చుట్టి, పైన రాగి పూత పోసి, వేడి చేసినప్పుడు ఎదురెదురుగా ఉన్న తీగలు ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి. ఇత్తడిలోని జింకు బయటికి వెళ్లినంత వేగంగా రాగి లోపలికి రావడం లేదన్నమాట. రెండు పరమాణువులు చేతులు మార్చుకున్నట్లు నేరుగా చోట్లు మార్చుకుంటాయన్న పాత ఊహ దీనితో నిలవలేకపోయింది. జాలకంలో అక్కడక్కడ పరమాణువు లేని ఖాళీ స్థానాలు ఉంటాయనీ, పక్కనున్న పరమాణువు ఆ ఖాళీలోకి దూకితే ఖాళీ వెనక్కి జరుగుతుందనీ, వ్యాపనం అలా సాగుతుందనీ స్థిరపడింది. పదిహేను అంకెల పలకలున్న చట్రంలో ఒక్క గడి ఖాళీగా ఉంచి పలకలను జరిపే ఆటను తలచుకుంటే ఈ విధానం సులువుగా అర్థమవుతుంది.

ఈ చిత్రాన్ని అంగీకరిస్తే వ్యాపన గుణకం మూడు వేర్వేరు రాశుల లబ్ధమని తేలుతుంది. మొదటిది, జాలకంలో ఎన్ని ఖాళీలు ఉన్నాయన్నది. రెండవది, ఒక ఖాళీ సెకనుకు ఎన్నిసార్లు దూకుతుందన్నది. మూడవది, దూకిన పరమాణువుకు మిగిలే ‘జ్ఞాపకం’. ఒక పరమాణువు ఖాళీలోకి దూకిన మరుక్షణం ఆ ఖాళీ సరిగ్గా దాని వెనకే ఉంటుంది కనుక అది తిరిగి పాత చోటికే దూకే అవకాశం ఎక్కువ. అలాంటి వృథా అంగలను లెక్కలోంచి తీసివేస్తే, రాగి వంటి ఫలక కేంద్రిత ఘన జాలకంలో ఫలితం 0.78 వంతుకు తగ్గుతుంది. పరమాణువుల కదలికను కంప్యూటర్‌లో అనుకరించే సిమ్యులేషన్ ఇచ్చే ఏ వ్యాపన గుణకాన్నైనా అర్థం చేసుకోవాలంటే ఈ మూడింటిలో ఏది నిజంగా లెక్కించారో, ఏది బయటి నుంచి తెచ్చి కలిపారో ముందుగా చూడాలి. ఈ రంగంలో అపార్థాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

లెక్కించే పద్ధతుల్లో ప్రధానమైనది మాలిక్యులర్ డైనమిక్స్. కంప్యూటర్‌లో కొన్ని వేల పరమాణువులను జాలకంగా అమర్చి, ఒక్కోదానిపై మిగిలినవి కలిగించే బలాన్ని లెక్కకట్టి, న్యూటన్ సూత్రాల ప్రకారం అన్నింటినీ ఒక ఫెమ్టోసెకను, అంటే 10⁻¹⁵ సెకన్లు, ముందుకు జరుపుతారు. మళ్లీ బలాలు, మళ్లీ ఒక అడుగు. లోహంలో ఈ ప్రయత్నం 1960లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో మొదలైంది. అక్కడ గిబ్సన్, గోలాండ్, మిల్‌గ్రామ్, విన్‌యార్డ్ కలిసి కొన్ని వందల రాగి పరమాణువులతో రేడియేషన్ దెబ్బను అనుకరించారు. వ్యాపనాన్ని ఈ పద్ధతిలో నమ్మకంగా లెక్కించవచ్చని చూపిన ఘనత మాత్రం హైదరాబాద్‌లో పుట్టిన అనీసుర్ రహ్మాన్‌ది. అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేస్తూ 1964లో ఆయన ప్రచురించిన పత్రంలో 94.4 కెల్విన్ దగ్గర ద్రవరూపంలో ఉన్న 864 ఆర్గాన్ పరమాణువుల కదలికను అనుసరించారు. అవి మొదటి చోటి నుంచి జరిగిన దూరాల వర్గాల సగటు కాలంతో ఎలా పెరుగుతుందో చూసి, దాని నుంచి వ్యాపన గుణకాన్ని రాబట్టారు. అది ప్రయోగ విలువకు దగ్గరగా వచ్చింది. ఈనాటికీ లోహాల్లో వ్యాపనాన్ని లెక్కించేవారు తీసుకునేది ఆ సగటునే. 1980లో ఆయన పారినెల్లోతో కలిసి, సిమ్యులేషన్ పెట్టె పరిమాణమూ ఆకారమూ పీడనాన్ని బట్టి తమంతట తాము మారే పద్ధతిని రూపొందించారు. వేడికి వ్యాకోచించే, నిర్మాణం మార్చుకునే లోహాలను అనుకరించడానికి అది ఎంతో అవసరమైనది. గణన భౌతికశాస్త్రంలో అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. తెలుగు పాఠకులకు ఈ పేరు ఇంతకన్నా బాగా తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

ఆర్గాన్‌కు సరిపోయిన బలాల సూత్రం లోహానికి సరిపోలేదు. ఆర్గాన్‌లో ప్రతి జంట పరమాణువుల మధ్య శక్తినీ విడివిడిగా లెక్కించి కూడితే చాలు. లోహంలో అలా కూడితే, ఒక ఖాళీని సృష్టించడానికి కావలసిన శక్తి, ఒక పరమాణువును స్ఫటికం నుంచి పూర్తిగా విడదీయడానికి కావలసిన శక్తితో దాదాపు సమానంగా వస్తుంది. రాగిలో వాస్తవం వేరు. పరమాణు స్థాయిలో శక్తిని కొలిచే ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెప్పాలంటే మొదటిది సుమారు 1.3, రెండవది 3.5. ఈ తేడా ఘాతంలోకి వెళ్తుంది కనుక ఖాళీల సంఖ్య అనేక కోట్ల రెట్లు తప్పిపోతుంది. 1984లో శాండియా ప్రయోగశాలలో ముర్రే డా, మైకేల్ బాస్కెస్ ఈ చిక్కును విప్పారు. ప్రతి పరమాణువూ తన చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ సాంద్రతలో మునిగి ఉన్నట్లు భావించి, పొరుగువారి సంఖ్య తగ్గినప్పుడు మిగిలిన బంధాలు బలపడేలా వారు సూత్రం రాశారు. రాగి, నికెల్, వెండి వంటి లోహాలపై వచ్చిన వ్యాపన లెక్కల్లో పెద్ద భాగం ఈ తరహా పొటెన్షియళ్ల మీదే, అంటే పరమాణువుల మధ్య శక్తిని ఇచ్చే సూత్రాల మీదే, నడిచింది.

ఇక కాలం సంగతి. రాగిలో ఖాళీ ఒక చోటి నుంచి పక్క చోటికి దూకడానికి దాటవలసిన శక్తి అడ్డంకి సుమారు 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు. 1300 కెల్విన్ దగ్గర ఒక ఖాళీ సెకనుకు దాదాపు 10¹¹ సార్లు దూకుతుంది, అంటే నానోసెకనుకు వందసార్లు. పది నానోసెకన్లు అనుకరిస్తే వేయి దూకుళ్లు దొరుకుతాయి, గణాంక దోషం మూడు శాతం చుట్టూ ఉంటుంది. నేటి సాధారణ కంప్యూటర్‌కే ఇది పెద్ద పని కాదు. అదే ఖాళీ గది ఉష్ణోగ్రతలో సెకనుకు వందసార్లు మాత్రమే దూకుతుంది. ఒక్క దూకుడు చూడాలంటే పది లక్షల కోట్ల అడుగులు లెక్కించాలి. సెకనుకు వేయి అడుగులు వేయగల కంప్యూటర్ అందుకు మూడు వందల ఏళ్లకు పైగా పనిచేయాలి. అందుకే పరిశోధకులు అధిక ఉష్ణోగ్రతను ఆశ్రయిస్తారు. అక్కడ నాలుగైదు బిందువుల దగ్గర వ్యాపన గుణకాన్ని లెక్కించి, దాని లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమంతో గ్రాఫు గీసి, వేగం ఉష్ణోగ్రతతో ఘాతీయంగా మారుతుందనే అర్హీనియస్ సూత్రం చెప్పినట్లు వచ్చిన సరళరేఖను కింది ఉష్ణోగ్రతలకు పొడిగిస్తారు. గణన సౌలభ్యం వల్ల అధిక ఉష్ణోగ్రత ఆశ్రయమైంది. కానీ భౌతికశాస్త్రం జటిలమయ్యేది కూడా సరిగ్గా ఆ ఉష్ణోగ్రతల్లోనే. నా దృష్టిలో ఈ విషయమంతటికీ ఇదే కీలకం.

మొదటి చిక్కు ఖాళీల సంఖ్య. 1300 కెల్విన్ దగ్గర కూడా రాగిలో ఖాళీలు సుమారు పదివేల స్థానాలకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటాయి. నాలుగు వేల పరమాణువుల పెట్టెలో సగటున ఒక్క ఖాళీ కూడా ఉండదు. పైగా నిజమైన లోహంలో ఖాళీలు ఉపరితలం నుంచి, స్ఫటిక రేణువుల సరిహద్దుల నుంచి పుట్టుకొస్తాయి. అన్ని దిక్కులా తనను తానే పునరావృతం చేసుకునే సిమ్యులేషన్ పెట్టెకు ఉపరితలమే లేదు. అందుకని ఒక పరమాణువును తొలగించి ఖాళీని చేతితో పెడతారు. అప్పుడు వచ్చే వ్యాపన గుణకం నాలుగు వేలకు ఒక ఖాళీ ఉన్న కృత్రిమ లోహానిది, నిజమైన రాగిది కాదు. దానిని ఆ ఉష్ణోగ్రతలో ఉండవలసిన ఖాళీల నిష్పత్తికి తగ్గించి సరిచేయాలి. ఈ సవరణ లేకుండా గీసిన అర్హీనియస్ రేఖ వాలు 0.7 ఎలక్ట్రాన్ వోల్టులుగా వస్తుంది, కొలతల్లో కనిపించేది మాత్రం రెండు ఎలక్ట్రాన్ వోల్టులకు పైనే. ఖాళీ పుట్టడానికి అయ్యే శక్తి రెండవ దానిలో చేరి ఉంటుంది, మొదటి దానిలో ఉండదు.

రెండవది ఉష్ణోగ్రత కొలబద్ద. ప్రతి పొటెన్షియల్‌కూ తనదైన ద్రవీభవన స్థానం ఉంటుంది, అది నిజమైన లోహం ద్రవీభవన స్థానంతో తప్పక ఏకీభవించాలని లేదు. దానికి తోడు, ఉపరితలం లేని లోపరహిత స్ఫటికం కరగవలసిన ఉష్ణోగ్రతను దాటి ఎంతో పైకి వెళ్లినా పెట్టెలో ఘనంగానే నిలిచి ఉంటుంది. ద్రవాన్నీ ఘనాన్నీ ఒకే పెట్టెలో పక్కపక్కన ఉంచి, సరిహద్దు ఏ ఉష్ణోగ్రతలో కదలకుండా ఆగుతుందో చూసి, ఆ పొటెన్షియల్ ద్రవీభవన స్థానాన్ని ముందే నిర్ధారించుకోవాలి. ద్రవీభవన స్థానం దగ్గరి వ్యాపనం గురించి చెప్పేటప్పుడు ఈ జాగ్రత్త తీసుకోకపోతే, పోలికలో అర్థం మిగలదు.

మూడవది అసలైన చిక్కు. సరళరేఖ సరళంగా ఉండదు. అల్యూమినియం వంటి లోహాల్లో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ అర్హీనియస్ రేఖ పైకి వంగుతుందని చాలాకాలంగా తెలుసు. రెండు ఖాళీలు జంటగా కలిసి ఒంటరి ఖాళీ కన్నా వేగంగా కదలడమే ఇందుకు కారణమని దశాబ్దాల పాటు పుస్తకాలు చెప్పాయి. 2014లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన గ్లెన్స్క్, గ్రాబోవ్‌స్కీ, హికెల్, నాయ్‌గెబావర్ అల్యూమినియం, రాగిలలో ఖాళీలు ఏర్పడే శక్తిని క్వాంటం సిద్ధాంతం ఆధారంగా సున్నా కెల్విన్ నుంచి ద్రవీభవన స్థానం దాకా లెక్కించారు. ఖాళీ పక్కనున్న పరమాణువుల కంపనం స్ప్రింగుకు కట్టినట్లు రెండు వైపులా సమంగా ఊగే సరళ హరాత్మక చలనం కాదనీ, ఖాళీ వైపు అవి ఎక్కువగా, వదులుగా ఊగుతాయనీ, ఆ కారణంగా ఖాళీ ఏర్పడే ఎంట్రోపీ (పరమాణువుల కదలికలోని క్రమరాహిత్యానికి కొలత) ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుందనీ వారు చూపారు. ఖాళీల సంఖ్యలో కనిపించిన వంపును వివరించడానికి జంట ఖాళీల అవసరం లేకపోయింది. ప్రయోగాలు ఖాళీలను గుర్తించగలిగేది ద్రవీభవన స్థానానికి దగ్గరి ఉష్ణోగ్రతల్లోనే. అక్కడి కొలతలను సరళరేఖగా సున్నా కెల్విన్‌కు పొడిగించి తెచ్చిన విలువలతో సిద్ధాంతం సరిపోలడం లేదని అన్నాళ్లూ తప్పును సిద్ధాంతంలోనే వెతికారు. తప్పు చాలావరకు పొడిగింపులో ఉంది.

రాగి, అల్యూమినియంలలో వంపు స్వల్పమే. టైటానియం, జిర్కోనియంలలో మొత్తం చిత్రమే మారిపోతుంది. టైటానియం 882 డిగ్రీల సెల్సియస్ దగ్గర, జిర్కోనియం సుమారు 865 డిగ్రీల దగ్గర షట్కోణ నిర్మాణాన్ని వదిలి అంతఃకేంద్రిత ఘన నిర్మాణంలోకి మారతాయి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మన అణు రియాక్టర్ల కోసం తయారుచేసే ఇంధన గొట్టాలు జిర్కోనియం మిశ్రమ లోహాలవే. శీతలకం కోల్పోయే ప్రమాదంలో గొట్టం అంత వేడెక్కితే అందులోకి ఆక్సిజన్, ఇతర మూలకాలు ఎలా వ్యాపిస్తాయన్నది కేవలం సిద్ధాంత చర్చ కాదు. ఈ ఉన్నత ఉష్ణోగ్రతా నిర్మాణం సున్నా కెల్విన్ లెక్కల్లో నిలవనే నిలవదు, జాలకం ఒరిగి కూలిపోతుంది. కంపనాలే దానిని నిలబెడుతున్నాయి. అందువల్ల స్ఫటికాన్ని కదలకుండా ఉంచి, ఖాళీ దూకే దారిలో ఎత్తైన బిందువును వెతికి, అడ్డంకిని లెక్కించే మామూలు పద్ధతి ఇక్కడ పనిచేయదు. వేడిగా ఉన్న స్థితిలోనే మాలిక్యులర్ డైనమిక్స్ నడపడం తప్పనిసరి. 2019లో సాంజొవాన్ని, అబ్రికోసోవ్, వారి సహచరులు అలా నడిపినప్పుడు, అంతఃకేంద్రిత టైటానియంలో ఖాళీలే లేని భాగాల్లో రెండు నుంచి కొన్ని డజన్ల పరమాణువులు మెలికలు తిరిగిన మూసిన దారుల్లో ఒకదాని వెనక ఒకటి ఒకేసారి జరగడం కనిపించింది. అక్కడ దూకడానికి ఖాళీ అవసరం లేదు, ముందున్నది జరిగితే వెనకది దాని చోటికి వస్తుంది. ఖాళీని చేతితో పెట్టి, దాని దూకుళ్లను మాత్రమే లెక్కించే సిమ్యులేషన్‌కు ఈ కదలిక కనిపించే అవకాశమే లేదు. ఏ యంత్రాంగం ఉంటుందో ముందే నిర్ణయించుకోకుండా పరమాణువులను వాటి మానాన వదిలిపెట్టడమే మాలిక్యులర్ డైనమిక్స్‌కు ఉన్న గొప్ప బలమని నేను అనేది ఇందుకే.

తక్కువ ఉష్ణోగ్రతలకు రావాలంటే ఆ బలాన్ని కొంత వదులుకోక తప్పదు. కైనెటిక్ మాంటే కార్లో పద్ధతిలో పరమాణువుల కంపనాలను పూర్తిగా విడిచిపెట్టి, దూకుళ్లను మాత్రమే లెక్కిస్తారు. ప్రతి దిశలో దూకే రేటును ముందే లెక్కించి పట్టికగా ఇస్తే, కంప్యూటర్ వాటి నిష్పత్తిలో ఒకదానిని యాదృచ్ఛికంగా ఎన్నుకుని, గడియారాన్ని రేట్ల మొత్తానికి తగినట్లు ఒక్కసారిగా ముందుకు జరుపుతుంది. సెకన్లు, గంటలు కూడా అందుబాటులోకి వస్తాయి. కానీ పట్టికలో లేని దూకుడు ఎప్పటికీ జరగదు. లాస్ అలమోస్‌లో వోటర్, ఆయన సహచరులు 2000లో మరో మార్గం చూపారు. వ్యవస్థను అధిక ఉష్ణోగ్రతలో నడిపి, అక్కడ బయటపడిన ప్రతి దూకుడు అడ్డంకినీ కొలిచి, తక్కువ ఉష్ణోగ్రతలో వాటిలో ఏది ముందు జరుగుతుందో లెక్కతో నిర్ణయిస్తారు. తెలివైన ఉపాయమే. అయితే కంపనాలు హరాత్మకమైనవన్న షరతు మీదే అది నిలబడింది, పైన చూసిన వంపు ఎక్కువగా ఉన్న లోహాల్లో ఆ షరతే సడలిపోతుంది.

లెక్కలు నిజంగా కొత్త సంగతి చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల నికెల్ మిశ్రమ లోహంతో ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలను తయారుచేసి, 2021లో మొదటి విడతగా 60 రెక్కలను హెలికాప్టర్ ఇంజన్ల కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)కు అందించింది. రెక్కను ఒకే స్ఫటికంగా పెంచడానికి ముఖ్య కారణం వ్యాపనమే. రేణువుల సరిహద్దుల వెంట పరమాణువులు స్ఫటికం లోపలి కన్నా ఎన్నో రెట్లు వేగంగా కదులుతాయి, అక్కడే రెక్క సాగడం, చీలడం మొదలవుతుంది. ఇలాంటి మిశ్రమాల్లో రెండవ తరం వాటికి బరువులో సుమారు మూడు శాతం రీనియం అనే అరుదైన లోహాన్ని కలుపుతారు, ఎందుకంటే అది నికెల్‌లో చాలా మెల్లగా కదులుతుంది. పెద్ద పరమాణువు కాబట్టి మెల్లగా కదులుతుందని అనుకోవడం సహజం. 2004లో జనోట్టి, క్ర్చ్‌మార్, ఫూ, రీడ్ కలిసి నికెల్‌లో అనేక మూలకాలకు క్వాంటం సిద్ధాంతంతో అడ్డంకులను లెక్కించినప్పుడు దీనికి విరుద్ధమైన చిత్రం వచ్చింది. ఆవర్తన పట్టిక ఒకే వరుసలో పెద్ద పరమాణువులే వేగంగా కదిలాయి, వరుస మధ్యలో ఉన్న చిన్నవి మెల్లగా కదిలాయి. పరిమాణం కన్నా, పొరుగు నికెల్ పరమాణువులతో ఏర్పడే బంధాల దిశ, బిగువు ముఖ్యమని తేలింది. రీనియం అలా బిగుసుకున్న వాటిలో ఒకటి.

ఇటీవలి పెద్ద మార్పు మెషిన్ లెర్నింగ్ పొటెన్షియళ్లు. 2007లో బేలర్, పారినెల్లో చూపిన దారిలో, క్వాంటం లెక్కల ఫలితాలను న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పి, దాదాపు అదే కచ్చితత్వాన్ని ఎంతో తక్కువ ఖర్చుతో సాధిస్తున్నారు. 2020లో సూపర్ కంప్యూటర్ లెక్కలకు ఇచ్చే గోర్డన్ బెల్ బహుమతి పొందిన బృందం సమ్మిట్ సూపర్ కంప్యూటర్‌పై ఈ పద్ధతితో పది కోట్లకు పైగా పరమాణువులను అనుకరించింది, పరీక్షకు తీసుకున్న వ్యవస్థల్లో రాగి ఒకటి. పరమాణువుల సంఖ్య ఇంతగా పెరిగినా అనుకరించే కాలం అంతగా పెరగలేదు. పెట్టెను ముక్కలు చేసి వేలాది ప్రాసెసర్లకు పంచవచ్చు గానీ, ఒక అడుగు పూర్తికాకుండా తరువాతి అడుగు వేయలేము. కాలాన్ని అలా పంచడం కుదరదు. ఇక నేర్పిన ఉదాహరణల్లో దూకుడు మధ్యలో ఇరుక్కున్న పరమాణువు అమరికలు, అదీ ద్రవీభవన స్థానం దగ్గరి వేడిలో, తగినన్ని లేకపోతే, నెట్‌వర్క్ ఆ చోట ఊహించి చెబుతుంది, ఆ ఊహను గుర్తించడం సులువు కాదు.

ఇవన్నీ కలిసి పరీక్షకు నిలిచే చోటు భూమి అంతర కేంద్రం. 32 లక్షల వాతావరణ పీడనాలకు పైగా ఒత్తిడిలో, వేల డిగ్రీల వేడిలో అక్కడి ఇనుము ఘనంగా ఉంది. అందులో పరమాణువులు ఎంత వేగంగా కదులుతాయో నేరుగా కొలిచే ప్రయోగం లేదు. 2017లో బెలోనోష్కో, ఆయన సహచరులు ఆ ఇనుము అంతఃకేంద్రిత ఘన నిర్మాణంలో ఉండవచ్చనీ, టైటానియంలో తరువాత కనిపించిన లాంటి సామూహిక కదలికే దానిని స్థిరపరుస్తుందనీ సిమ్యులేషన్ ఆధారంగా వాదించారు. షట్కోణ నిర్మాణమే అక్కడ స్థిరమైనదన్న వాదన ఇంకా బలంగానే ఉంది, చర్చ ముగియలేదు. తేల్చవలసిన ప్రశ్నలు పైన చెప్పినవే. పెట్టె ఎంత పెద్దది, ఆ పొటెన్షియల్ ప్రకారం ఇనుము ఆ పీడనంలో ఏ ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది, చూసిన కదలిక ఆ ద్రవీభవన స్థానానికి ఎంత దిగువన జరిగింది?